సిక్స్ ఆఫ్ క్రోస్: పథకాన్ని పాఠకుడి నుంచి దాచడం న్యాయమేనా?

నీలిసిరా

లీ బార్డుగో 2015లో ప్రచురించిన సిక్స్ ఆఫ్ క్రోస్ నవలను ఇటీవలే రెండవసారి చదివాను. దాని గురించి నా అభిప్రాయాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కథలోని ముఖ్యమైన మలుపులను దాచకుండానే మాట్లాడుతున్నాను కనుక ఇంకా చదవనివారు ఈ చర్చను తరువాత చూడడం మంచిది.

కెటర్‌డామ్ అనే రేవు నగరంలో పదిహేడేళ్ల కాజ్ బ్రెకర్ ఒక వీధి ముఠాకు రెండవ స్థానంలో ఉంటూ, పేరుకు పెద్దవాడొకడు పైన ఉన్నా ఆ ముఠాను నిజానికి తానే నడిపిస్తుంటాడు. వాన్ ఎక్ అనే సంపన్న వర్తకుడు అతనికి మూడు కోట్ల క్రూగెలు ఇస్తానని చెప్పి, ఎవరూ ఇంతవరకు ఛేదించలేని ఐస్ కోర్ట్ అనే కోటలోంచి ఒక శాస్త్రవేత్తను బయటికి తీసుకురమ్మంటాడు. ఆ శాస్త్రవేత్త తయారు చేసిన జుర్డా పారెమ్ అనే మందు గ్రీషాల, అంటే మంత్రశక్తి గల మనుషుల, శక్తిని అంతులేకుండా పెంచి, ఒక్క మోతాదుతోనే వారిని దానికి బానిసలను చేస్తుంది. కాజ్ తనతో పాటు మరో ఐదుగురిని తీసుకుని బయలుదేరుతాడు.

ఈ నవలను అందరూ పథకం కోసం మెచ్చుకుంటారు. నాకు మాత్రం పథకం వేసేవాడు మనుషులను ఎలా లెక్కగడతాడన్నదే ఇందులో అసలు విషయంగా కనిపిస్తుంది. గోడలెక్కే ఇనెజ్, గురి తప్పని జెస్పర్, పేలుడు పదార్థాలు తెలిసిన వైలన్, గుండె చప్పుడును ఆపగల నీనా, కోట లోపలి దారులు తెలిసిన మథయాస్ కాజ్ దృష్టిలో మొదట ఒక్కొక్క పనికి పనికివచ్చే సాధనాలు మాత్రమే. కథ ముందుకు సాగే కొద్దీ ఆ సాధనాలకు సొంత కోరికలు, సొంత భయాలు ఉన్నాయని అతనికి తెలిసివస్తుంది. ఖైదీల బండిలో చేతులు కట్టివేసి మనుషులను కిక్కిరిసేలా ఎక్కించినప్పుడు, పరుల శరీరం తగిలితే చాలు వణికిపోయే కాజ్ స్పృహ కోల్పోతాడు. లెక్కగట్టేవాడి శరీరమే లెక్కలో తప్పిపోయే ఆ ఘట్టం ఈ నవలకు ఆయువుపట్టు అని నా నమ్మకం.

నాకున్న అభ్యంతరం కథనపద్ధతికి సంబంధించినది. ఒక్కొక్క అధ్యాయం ఒక్కొక్క పాత్ర మనసులోంచి నడుస్తుంది. కాజ్‌కు కూడా తన అధ్యాయాలున్నాయి. అతని చిన్ననాటి అన్న జోర్డీ మరణం, మశూచి లాంటి అంటువ్యాధిలో శవాల మధ్య గడిపిన రాత్రి, అన్న శవాన్నే ఆధారంగా పట్టుకుని సముద్రంలో ఈదిన భయంకరమైన జ్ఞాపకం, ఇవన్నీ రచయిత్రి మనకు చూపిస్తుంది. అంత లోతైన గాయాన్ని విప్పి చూపించిన మనసులోనే, రేపు ఏం చేయబోతున్నాడన్న చిన్న విషయాన్ని మాత్రం తలుపు మూసి ఉంచుతుంది. ముగింపులో వాన్ ఎక్ మోసం చేస్తాడని కాజ్ ముందే ఊహించి వైలన్ ముఖాన్ని మార్పించిన సంగతి అప్పటిదాకా మనకు తెలియదు. మనసులోకి రానిచ్చిన తరువాత ఇలా దాచడం పాఠకుడి పట్ల న్యాయమేనా అన్నది నా ప్రశ్న. ఈ నవల అంటే నాకు ఎంతో ఇష్టం, ఆ ఇష్టం వల్లనే ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు.

ఓరుగల్లు చదువరి

నీలిసిరా గారూ, మీరు చెప్పిన ఖైదీల బండి ఘట్టం గురించి నాకూ అదే అభిప్రాయం ఉంది. దాచడం విషయంలో మాత్రం మీతో ఏకీభవించలేను.

దోపిడీ కథలకు పూర్వం నుంచి ఒక కట్టుబాటు ఉంది. పథకాన్ని పాఠకుడికి ముందే పూర్తిగా వివరిస్తే అది తప్పకుండా విఫలం కావాలి, లేకపోతే చెప్పిందే మళ్లీ చూపించినట్లవుతుంది. వివరించకపోతే అది విజయవంతం కావచ్చు. బార్డుగో ఈ రెండింటినీ ఒకే కథలో వాడుకుంది. ఓడ ప్రయాణంలో మథయాస్ చెప్పగా వైలన్ కోట పటాలను గీస్తాడు. వలయాకారపు గోడలు, వాటిలో చెరసాల భాగం, మధ్యలో మంచు కందకం, దాని మీద గాజు వంతెన, అవతల తెల్లని ద్వీపం, ఇవన్నీ మన కళ్ల ముందే కాగితం మీదికి వస్తాయి. మనకు చెప్పిన ఆ భాగం ఒక్కటీ అనుకున్నట్లు జరగదు. ఓడ ఎక్కకముందే రేవులో దాడి జరిగి ఇనెజ్ కత్తిపోటుకు గురవుతుంది. చల్లగా ఉంటుందనుకున్న చెత్త కాల్చే కొలిమి ఇంకా వేడిగానే ఉండడంతో, ఆమె బూట్ల రబ్బరు అడుగులు కరిగిపోతూ ఉండగా ఆరు అంతస్తుల పొగగొట్టం ఎక్కవలసి వస్తుంది. చెరసాలలో కాజ్ తన పగవాడైన పెక్కా రోలిన్స్‌ను వెతుక్కుంటూ పక్కదారి పడతాడు.

మనకు చెప్పినవి విఫలమవుతూ ఉండగా, చెప్పనివి మాత్రమే పనిచేస్తున్నాయి. ఇది పాఠకుడికి రచయిత్రి ఇచ్చిన మాటను నిలబెట్టుకోవడమే తప్ప వంచన కాదు. పైగా ఆమె చాలా చోట్ల విషయం తెలిసిన పాత్ర మనసులోంచి మనలను తప్పించి, తెలియని పాత్ర పక్కన నిలబెడుతుంది. పొగగొట్టం ఎక్కడాన్ని ఇనెజ్ అధ్యాయంలో చదువుతాం. ఆమెకు తన పని మాత్రమే తెలుసు, కాబట్టి మనకూ అంతే తెలుస్తుంది.

చివరిపేజీ

కథనం గురించి మీరిద్దరూ చెప్పినది ఆసక్తిగా చదివాను. నాకు అడ్డువచ్చిన విషయం వేరే ఉంది, అది పాత్రల వయసు. కాజ్‌కు, జెస్పర్‌కు, నీనాకు పదిహేడేళ్లు, ఇనెజ్‌కూ వైలన్‌కూ పదహారు, మథయాస్‌కు పద్దెనిమిది. ఒక నేర ముఠాను పదిహేడేళ్ల కుర్రవాడు నడిపిస్తున్నాడన్నా, వయసుమళ్లిన నేరస్థులు అతని పేరు వింటేనే భయపడుతున్నారన్నా నా మనసు అంగీకరించలేదు. వారి మాటలలో, వారి అలసటలో ముప్పై ఏళ్ల మనుషులు కనిపిస్తారు. కౌమారుల కోసం రాసిన పుస్తకాల అరలో చేర్చడం కోసం వయసును తగ్గించారేమో అనిపించింది. అలా కాక పాతికేళ్ల మనుషులుగా రాసి ఉంటే ఇదే కథ ఇంకా బలంగా ఉండేది కాదా?

తుంగభద్ర తీరం

చివరిపేజీ గారి ప్రశ్నకు నా సమాధానం క్లుప్తంగా చెబుతాను. తల్లిదండ్రులు లేని పిల్లలు బతకడం కోసం తొమ్మిదేళ్ల వయసు నుంచే దొంగతనం చేయవలసి వచ్చిన నగరంలో, పదిహేడేళ్లకు ముసలితనం రావడం సహజమే. వారికి బాల్యం దక్కలేదన్నది రచయిత్రి ఉద్దేశపూర్వకంగా చెప్పిన విషయం. వారు పాతికేళ్లవారై ఉంటే జోర్డీ మరణం పాత జ్ఞాపకం అయ్యేది, ఇప్పుడు అది ఇంకా మానని పుండు.

అసలు చర్చకు వస్తాను. నీలిసిరా గారి అభ్యంతరానికి ఈ నవలలోనే ఒక సమాధానం ఉంది, దానిని ఎవరూ ప్రస్తావించకపోవడం నాకు ఆశ్చర్యంగా ఉంది. ఆరుగురు సభ్యులున్న జట్టులో ఐదుగురి మనసులలోకే మనకు ప్రవేశం దొరుకుతుంది. ఈ మొదటి పుస్తకంలో వైలన్ పేరుతో ఒక్క అధ్యాయం కూడా లేదు. చాలామంది పాఠకులు దీనిని లోపంగా భావించి, అతనిని మిగతావారికంటే తక్కువగా చూశారని బాధపడతారు. కారణం ఏమిటో ముగింపులో తెలుస్తుంది. వైలన్‌కు అక్షరాలు చదవడం రాదు. ఎన్ని సంవత్సరాలు ఎందరు గురువులను పెట్టినా అతనికి అక్షరాలు కుదురుగా నిలవలేదని, అందువల్ల అతడు తనకు కొడుకే కాడని కన్నతండ్రి వాన్ ఎక్ అందరి ఎదుట ప్రకటిస్తాడు.

ఇప్పుడు ఆలోచించండి. చదవలేనితనం అన్నది ఏదో ఒక సందర్భంలో గుర్తుకువచ్చే విషయం కాదు. ప్రతి వీధి పలక దగ్గర, ప్రతి కాగితం దగ్గర ఆ కుర్రవాడి మనసు దాని చుట్టూనే తిరుగుతూ ఉంటుంది. అతని మనసులోంచి ఒక్క అధ్యాయం రాసినా ఆ రహస్యం బయటపడాలి, లేదా రచయిత్రి అబద్ధం ఆడాలి. ఆమె అబద్ధం ఆడకుండా, ఆ తలుపునే పూర్తిగా మూసి ఉంచింది. 2016లో వచ్చిన రెండవ భాగం క్రూకెడ్ కింగ్‌డమ్‌లో, దాచవలసిన అవసరం తీరిపోయాక, వైలన్‌కు తన అధ్యాయాలు దక్కాయి.

కాజ్ విషయం వేరు. అతడు తన పథకాల గురించి తనకు తాను కూడా మాటలలో చెప్పుకునే మనిషి కాడు. మనసు నిండా లెక్కలున్న మనిషి ఆ లెక్కలను మళ్లీ మళ్లీ వల్లెవేయడు, కాని గాయం మాత్రం పిలవకుండానే పైకి వస్తుంది. అందుచేత అతని అధ్యాయాలలో జోర్డీ కనిపించడం, పథకం కనిపించకపోవడం నాకు సహజంగానే అనిపించాయి.

నీలిసిరా

తుంగభద్ర తీరం గారూ, వైలన్ గురించి మీరు రాసినది ఎంతో విలువైన పరిశీలన. దానికి హృదయపూర్వక కృతజ్ఞతలు. అయితే మీ వాదన నా ప్రశ్నను ఇంకా పదును పెడుతోంది. వైలన్ విషయంలో అంత నిజాయితీగా తలుపు మూసిన రచయిత్రి, కాజ్ విషయంలో ఆ నియమాన్ని తానే సడలించిందని దీనివల్ల మరింత స్పష్టమవుతుంది. వాన్ ఎక్ తన కొడుకు ఉన్న ఓడనైనా ముంచడానికి వెనుకాడడని గ్రహించడం ఒక అంకె కాదు, ఒక లెక్క కాదు. అది తండ్రీకొడుకుల బంధం గురించిన భయంకరమైన తెలివిడి. అన్నను పోగొట్టుకున్న కాజ్ మనసులో అది కొంచెమైనా అలజడి రేపకుండా ఉండదు. ఆ అలజడిని మనకు చూపించి, కారణాన్ని మాత్రం దాచి ఉంటే నాకు ఈ అభ్యంతరం ఉండేది కాదు.

బందరు పాఠకుడు

ఈ చర్చలో కెటర్‌డామ్ నగరం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను. ఈ నవల చదువుతున్నంతసేపూ నాకు మా ఊరు గుర్తుకువచ్చింది, అందుకు చారిత్రకమైన కారణం ఉంది.

కెర్చ్ దేశాన్ని, దాని రాజధాని కెటర్‌డామ్‌ను రచయిత్రి 17వ శతాబ్దపు ఆమ్‌స్టర్‌డామ్ నమూనాగా నిర్మించింది. కాలువలు, వాటి మీద వంతెనలు, వర్తకుల మండలి, వ్యాపారాన్నే దైవంగా కొలిచే మతం, ఒప్పంద పత్రానికి ప్రాణం కంటే ఎక్కువ విలువ, ఇవన్నీ ఆ కాలపు డచ్ వర్తక ప్రపంచపు ఛాయలే. 1602లో స్థాపితమైన డచ్ ఈస్ట్ ఇండియా కంపెనీ కొద్ది సంవత్సరాలలోనే మచిలీపట్నంలో వర్తక స్థావరాన్ని ఏర్పాటు చేసుకుంది. కోరమండల్ తీరంలోని అద్దకం బట్టలను ఇక్కడ కొని, తూర్పు దీవులలో సుగంధ ద్రవ్యాలకు మారకంగా ఇచ్చేవారు. డచ్చివారి సమాధులు బందరులోనూ భీమునిపట్నంలోనూ నేటికీ ఉన్నాయి.

బట్టలతో పాటు మనుషులను కూడా కొన్నారు. 17వ శతాబ్దంలో కరవులు వచ్చిన సంవత్సరాలలో తిండి లేక తమను తాము, తమ పిల్లలను అమ్ముకున్నవారిని కోరమండల్ రేవుల నుంచి, ముఖ్యంగా పులికాట్ నుంచి, ఓడలలో జావా ద్వీపంలోని డచ్ స్థావరమైన బటావియాకు తరలించారు. స్వదేశంలో బానిసత్వానికి చోటు లేదని గర్వంగా చెప్పుకున్న నాగరికతే సముద్రం అవతల ఈ వ్యాపారం చేసింది.

ఈ వైరుధ్యాన్ని బార్డుగో తన కల్పిత నగరంలో ఖచ్చితంగా పట్టుకుంది. కెర్చ్‌లో బానిసత్వం చట్టవిరుద్ధం, కాని వెట్టి ఒప్పందం చట్టబద్ధం. ఇనెజ్ సంచార ప్రదర్శకుల కుటుంబంలో పుట్టి, తాడు మీద నడవడం నేర్చుకున్న సులీ జాతి అమ్మాయి. బానిసల వర్తకులు ఆమెను ఎత్తుకుపోయి తీసుకువస్తారు, రేవులో దిగగానే ఆమెకు అర్థం కాని భాషలో రాసిన పత్రంతో ఒక వేశ్యాగృహానికి అప్పగిస్తారు. అప్పటి నుంచి ఆమె బానిస కాదు, అప్పు తీర్చవలసిన మనిషి మాత్రమే. కాగితం ఒకటి చేతికి వస్తే పాపం వ్యాపారంగా మారిపోతుంది. కాజ్ కూడా ఆమెను కాపాడడానికి చేసిన పని, తన ముఠా పేర ఆ ఒప్పందాన్ని కొనడమే. అంటే ఆమె స్వేచ్ఛ కూడా ఒక కొనుగోలు ద్వారానే రావలసి వచ్చింది.

పథకం దాచడం న్యాయమా కాదా అన్న ప్రశ్నకు ఈ నేపథ్యంలో నాకు వేరే అర్థం కనిపిస్తుంది. ఈ నగరంలో సమాచారమే సరుకు. కాజ్ రహస్యాలను కొని అమ్మే మనిషి, ఇనెజ్ అతని కోసం రహస్యాలను సేకరించే మనిషి. పాఠకుడికి ఆ సరుకు ఉచితంగా దొరకకపోవడం ఆ లోకపు ధర్మానికి అనుగుణంగానే ఉంది.

గ్రంథాలయం అరుగు

బందరు పాఠకుడు గారు ప్రస్తావించిన తాడు నడక గురించి ఒక్క మాట. మన పల్లెలలో దొమ్మరాట ఆడిన కుటుంబాల నైపుణ్యాన్ని చూసి చప్పట్లు కొట్టిన ఊళ్లే వారిని రాత్రివేళ ఊళ్లో ఉండనివ్వడానికి భయపడ్డాయి, వారి ఆడపిల్లల పట్ల అమానుషంగా ప్రవర్తించాయి. ఇనెజ్ కథను తెలుగు పాఠకులు దూరదేశపు కల్పనగా చదవలేకపోవడానికి ఇది కూడా ఒక కారణం. ఆమె తన కత్తులకు పుణ్యపురుషుల, పుణ్యస్త్రీల పేర్లు పెట్టుకుని, ప్రతి హత్య తరువాత ప్రార్థించడం నన్ను చాలా కదిలించింది. తన వారినుంచి తనకు మిగిలినది ఆ విశ్వాసమొక్కటే.

సాయంకాలపు చదువు

నేను ఈ నవలను ఇంకా చదవలేదు, అయినా చర్చ మొత్తం చదివాను, ఎందుకంటే మా అమ్మాయి తన పాఠశాల స్నేహితుల దగ్గర విని దీనిని కొనిపెట్టమని అడుగుతోంది. ఆమెకు పధ్నాలుగేళ్లు. వేశ్యాగృహం, బానిసల వ్యాపారం, మాదకద్రవ్యం అన్న మాటలు చదివాక సంకోచం కలుగుతోంది. ఆ వయసు పిల్లలకు ఇది తగిన పుస్తకమేనా? దీనికంటే ముందు వచ్చిన పుస్తకాలను చదవడం తప్పనిసరా? చదివిన పెద్దలు సూటిగా చెబితే మేలుచేసినవారవుతారు.

గ్రంథాలయం అరుగు

సాయంకాలపు చదువు గారూ, మీ సంకోచం సమంజసమైనదే. నాకు తెలిసినంతలో వివరంగా చెబుతాను.

ఈ నవలలో హింస దాపరికం లేకుండా ఉంది. ఇనెజ్‌ను పొడిచినవాడి కంటిని కాజ్ పెరికివేసి అతడిని సముద్రంలోకి తోయించే ఘట్టం పెద్దలకు కూడా కష్టంగానే ఉంటుంది. శవాల నడుమ జోర్డీ చనిపోయే జ్ఞాపకం కూడా అటువంటిదే. వేశ్యాగృహంలో ఇనెజ్ అనుభవాలను మాత్రం రచయిత్రి దృశ్యాలుగా వర్ణించలేదు. ఆ రోజులలో ఆమె తన శరీరాన్ని వదిలి మనసును ఎక్కడికో దూరంగా పంపివేసేదని, తరువాత కూడా కొన్ని వాసనలు, కొన్ని స్పర్శలు ఆమెను అక్కడికే లాక్కుపోతాయని మాత్రమే చెబుతుంది. ఈ సంయమనం వల్ల ఆ విషయం పాఠకుడి కుతూహలానికి కాక సానుభూతికి ఆహారం అవుతుంది. జుర్డా పారెమ్ విషయంలో కూడా మందు పట్ల ఆకర్షణ కలిగేలా ఎక్కడా రాయలేదు. నీనా తన మిత్రులను కాపాడడం కోసం, పర్యవసానం తెలిసే దానిని తీసుకుంటుంది. ఆ తరువాతి బాధను రెండవ భాగం చాలా పేజీలలో చూపిస్తుంది.

నా అభిప్రాయంలో బాగా చదివే అలవాటున్న పధ్నాలుగేళ్ల అమ్మాయి దీనిని చదవవచ్చు, అయితే మీరు కూడా అదే సమయంలో చదివితే మంచిది. అడగాలనిపించే ప్రశ్నలు తప్పకుండా వస్తాయి, వాటిని అడగడానికి ఒక మనిషి పక్కన ఉండాలి.

ఇక మీ రెండవ ప్రశ్న. ఇదే లోకంలో 2012 నుంచి 2014 వరకు వచ్చిన మూడు నవలలున్నాయి. వాటిని చదవకపోయినా ఈ కథ అర్థమవుతుంది. మొదటి యాభై పేజీలలో దేశాల పేర్లు, గ్రీషాలలోని విభాగాల పేర్లు ఒక్కసారిగా మీద పడతాయి, వాటిని గుర్తుపెట్టుకోవాలని శ్రమపడకుండా ముందుకు సాగమని చెప్పండి. ఆ తరువాత కథ తనంతట తానే చేయి పట్టుకుని నడిపిస్తుంది.

డాలస్ తెలుగు

ఇక్కడ పిల్లలు చాలామంది నెట్‌ఫ్లిక్స్‌లో 2021లో మొదలైన షాడో అండ్ బోన్ ధారావాహిక ద్వారా ఈ పాత్రలను ముందు తెలుసుకున్నారు. ఆ ధారావాహికలో ఈ ముఠా కథను వేరే నవలల కథతో కలిపివేశారు. రెండు విడతల తరువాత 2023లో దానిని ఆపివేయడంతో ఐస్ కోర్ట్ దోపిడీ తెరకెక్కనేలేదు. ఇనెజ్‌గా నేపాల్‌లో పుట్టిన అమితా సుమన్ నటించడం మా ఇంట్లో పిల్లలకు ఎంతో సంతోషం కలిగించింది. తమలాంటి ముఖం గల అమ్మాయి ఇటువంటి సాహసకథలో సేవకురాలిగా కాక కథానాయికగా కనిపించడం వారికి అరుదైన అనుభవం. తెర మీద చూసినవారు నవలలోని అసలు కథ వేరని తెలుసుకుని చదవాలని కోరుతున్నాను.

ఓరుగల్లు చదువరి

మన సాహిత్యంలో కూడా నగరాన్ని దోచిన యువకుడి కథ ఒకటి ఉంది కనుక దానిని ఈ నవల పక్కన పెట్టి చూడాలనిపించింది. దండి రచించిన దశకుమారచరితాన్ని 13వ శతాబ్దంలో కేతన తెలుగు చేసి తిక్కనకు అంకితమిచ్చాడు. అందులోని అపహారవర్మ చంపానగరంలోని లోభులకు సంపద అశాశ్వతమని తెలియజేయడం కోసం దొంగతనాన్ని చేపడతాడు. దండి అతని పరికరాలను ఒక్కొక్కటిగా పేర్కొంటాడు. కొలతకు దారం, ఎక్కడానికి తాడు, లోపలి దీపాన్ని ఆర్పివేయడానికి వదిలే పురుగుల భరిణె కూడా అందులో ఉన్నాయి.

ఆ కథలో దొంగ ఒక్కడే, పరికరాలు అనేకం. ఈ నవలలో ఆ పరికరాల స్థానంలో మనుషులున్నారు. నీలిసిరా గారు మొదట్లోనే చెప్పిన మాటకు ఇది బలం చేకూరుస్తుంది. పురుగుల భరిణె తనను వాడుకున్నందుకు బాధపడదు, కాని ఇనెజ్ బాధపడుతుంది, ఆ బాధను కాజ్ ముఖం మీదే చెబుతుంది. అతడు తన కవచాలన్నీ విడిచి వస్తేనే తనకు కావాలని, లేకపోతే అసలు వద్దని ఆమె అంటుంది. దోపిడీ కథలో ఇటువంటి సంభాషణకు చోటు దొరకడమే ఈ నవల సాధించిన కొత్తదనం.

నీనా పారెమ్ తీసుకోవడం గురించి కూడా ఇదే కోణంలో చూడండి. రేవు దగ్గర, ఐస్ కోర్ట్ ఉన్న ఫియెర్డా దేశపు సైన్యం చుట్టుముట్టినప్పుడు కాజ్ దగ్గర ఏ ఉపాయమూ మిగలదు. అందరినీ బయటపడేసినది అతని పథకంలో లేని పని, ఒక మనిషి తన ఇష్టంతో చేసిన త్యాగం.

చివరిపేజీ

వయసు విషయంలో తుంగభద్ర తీరం గారి సమాధానం చదివినా, కాజ్ అధికారాన్ని పెద్దలందరూ అంత సులువుగా ఒప్పుకోవడం నాకు ఇప్పటికీ కృత్రిమంగానే అనిపిస్తోంది. ఆ అభిప్రాయాన్ని అలాగే ఉంచుతూ, ఈ నవలలో నాకు అన్నిటికంటే నచ్చిన అంశాన్ని చెబుతాను.

కాజ్ కాలు ఒక దోపిడీలో పైకప్పు మీది నుంచి కిందపడి విరిగి, సరిగా అతుక్కోక కుంటిది అయింది. కాకి తల చెక్కిన చేతికర్ర లేకుండా అతడు దూరం నడవలేడు. రచయిత్రికి కూడా ఎముకలకు రక్తప్రసరణ తగ్గి అవి క్షీణించే వ్యాధి ఉంది, ఆమె కూడా కొన్నిసార్లు చేతికర్ర సాయంతోనే నడుస్తుంది. ఈ విషయాన్ని ఆమె ఈ పుస్తకం చివర కృతజ్ఞతలలో స్వయంగా రాసింది. బహుశా ఆ అనుభవం వల్లనే కాజ్ నొప్పి అవసరమైనప్పుడు మాయమై అవసరమైనప్పుడు తిరిగివచ్చే నొప్పి కాదు. చలిలో అది పెరుగుతుంది, మెట్లు దిగిన తరువాత ఉంటుంది, పరుగెత్తిన మరునాడు కూడా ఉంటుంది. మంత్రశక్తితో శరీరాలను నయం చేయగల మనుషులున్న లోకంలో కూడా అతని కాలును నయం చేసి కథ ముగించాలన్న ప్రలోభానికి ఆమె లొంగలేదు. శారీరక వైకల్యాన్ని పూర్వజన్మ పాపంగానో, దుష్టత్వానికి గుర్తుగానో చూపించే కథలతో పెరిగిన మనకు ఇది ఎంత అవసరమైన చిత్రణో వేరే చెప్పనవసరం లేదు. కౌమారంలో ఉన్న పాఠకులకు ఈ పుస్తకాన్ని ఇవ్వడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

నీలిసిరా

ఇంతమంది ఇంత శ్రద్ధగా రాసినందుకు సంతోషంగా ఉంది. బందరు పాఠకుడు గారు చెప్పినట్లు రహస్యమే సరుకైన నగరంలో పాఠకుడు కూడా కొనుగోలుదారుడే అన్న వాదన నాకు బాగా నచ్చింది. దానికి తోడుగా నవల మొదటి, చివరి అధ్యాయాలను గుర్తుచేస్తాను.

కథ జూస్ట్ అనే సాధారణ కాపలాదారుడి మనసులోంచి మొదలవుతుంది. తన కళ్లముందు జరుగుతున్న ప్రయోగం ఏమిటో అతనికి తెలియదు. చివరి అధ్యాయం పెక్కా రోలిన్స్ మనసులోంచి నడుస్తుంది. కాజ్ అతని దగ్గరికి వచ్చి, తాను కష్టపడి నిలబెట్టిన క్రో క్లబ్ అనే జూదశాలలోని తన వాటాను డబ్బు కోసం అమ్మివేస్తాడు. వాన్ ఎక్ ఇనెజ్‌ను ఎత్తుకుపోయాడు కనుక ఆమెను విడిపించడానికి కాజ్‌కు ఆ డబ్బు కావాలి. తనను నాశనం చేసినవాడి ముందే అతడు చేయి చాచవలసి వచ్చింది. ఆ సమయంలో కాజ్ మనసులో ఎంత మంట రగిలి ఉంటుందో మనకు తెలుసు, పెక్కాకు తెలియదు. కాజ్ వెళ్లిపోయాక తన ఒంటి మీది విలువైన వస్తువులు మాయమైనట్లు అతడు గ్రహిస్తాడు.

వైలన్ విషయంలో రచయిత్రి పాటించిందని తుంగభద్ర తీరం గారు చెప్పిన నిజాయితీ ఇక్కడ కాజ్ విషయంలోనూ ఉంది. అతని మనసులోకి మనలను రానివ్వకుండా, ఎదుటి కుర్చీలోని శత్రువు కళ్లతో అతడిని చూపించింది. రచయిత్రి కాజ్ పథకాలను దాచిన ప్రతిచోటా ఇదే పద్ధతిని పాటించి ఉండవలసిందని నా అభిప్రాయం. రెండవ భాగంలో ఆమె ఈ విషయంలో ఇంకా జాగ్రత్త పడిందా లేదా అన్నది పరిశీలించడానికి క్రూకెడ్ కింగ్‌డమ్‌ను మళ్లీ మొదలుపెడుతున్నాను. దానిని చదివినవారు, ముఖ్యంగా అందులోని వేలంపాట ఘట్టంలో ఎవరి అధ్యాయం ఎక్కడ ఆగిందో గమనించినవారు, ఇక్కడే రాయవలసిందిగా కోరుతున్నాను.